ఫ్రేముకి అడ్డం

రెండు కార్డులూ ఖాళీ.

కెమెరా వెనక తెర మీద ఒకటే మాట: ‘ఫొటోలు లేవు’. మొదటి కార్డు తీసి మళ్ళీ పెట్టాను. లేవు. రెండోది తీసి మళ్ళీ పెట్టాను. లేవు. అప్పటికి పది దాటి అయిదు నిమిషాలు. పదకొండుంపావుకి విచారణ. ఆ ఆఫీసుకి మా స్టూడియో నుంచి అరగంట దారి.

“ఏమైందే? మొహంలో నెత్తురు చుక్క లేదు,” అంది అక్క. ముందు బల్ల దగ్గర కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తోంది.

“తమ్ముడి ఫొటో లేదక్కా.”

కత్తెర ఎవరిదో చెవి పక్కన ఆగిపోయింది.

లోపలి గదిలోంచి సోడాబుడ్డి పరిగెత్తుకొచ్చాడు. మా స్టూడియోలో ఫొటోలకి మెరుగులు దిద్దేది అతనే. కళ్ళద్దాల మందం చూసి పదేళ్ళ కిందట బావ పెట్టిన పేరది. ఇప్పుడు వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తుంది. అతని వెనకే బావ వచ్చాడు. అక్క మొగుడు. లైట్లు మోసేదీ, నిలబెట్టేదీ, ఫ్రేముకి అడ్డొచ్చిన బకెట్లూ చీపుళ్ళూ పక్కకి తీసేదీ ఆయనే.

“లేకపోవడమేంటి మరదలా? సరిగ్గా చూశావా?”

“తొమ్మిదింపావుకి అక్కకి చూపించాను బావా. తర్వాత విచారణ ఉత్తరం జిరాక్సు తీయించడానికి కిందికి వెళ్ళాను. నలభై నిమిషాలు పట్టింది. ఇప్పుడొచ్చి చూస్తే ఇదీ సంగతి.”

పోయింది ఫొటో ఒక్కటే కాదు. తమ్ముడి బతుకు.

వాడు లిఫ్టు మెకానిక్కు. బట్టల టోకు దుకాణాలుండే ఆరంతస్తుల భవనంలో సరుకుల లిఫ్టు బ్రేకు అరిగిపోయిందని సోమవారం పొద్దున పసిగట్టాడు. స్విచ్చు ఆపేసి, దానికి ఎర్ర అట్ట తగిలించాడు. అట్ట మీద ‘నడపరాదు’ అని రాసి, తేదీ, టైము వేసి సంతకం పెట్టాడు. ఆ భవనంలో పద్ధతి అది. అట్ట ఉంటే ఎవరూ ముట్టుకోకూడదు, లేకపోతే నడుపుకోవచ్చు. కొత్త బ్రేకు బుధవారం రావాలి. మంగళవారం మధ్యాహ్నానికి అక్కడ అట్ట లేదు. మూటలు మోసే మనిషి స్విచ్చు వేసి లిఫ్టెక్కాడు. రెండో అంతస్తు నుంచి లిఫ్టు జారింది. అతని కాలు రెండు చోట్ల విరిగింది.

తగిలించానని తమ్ముడంటాడు. అసలు అక్కడ అట్టే లేదని భవనం మేనేజరంటాడు. ఈ రోజు తమ్ముడి మాట నిలబడకపోతే లైసెన్సు పోతుంది. దాని వెనకే పోలీసు కేసు వస్తుంది.

అదే సోమవారం అదే భవనంలో నేనూ ఉన్నాను, వాళ్ళ ప్రచార పుస్తకానికి కింది హాలు ఫొటోలు తీయడానికి. నా కొత్త కెమెరాకి అదే మొదటి పని. పన్నెండేళ్ళు వాడిన పాత కెమెరా అయ్యుంటే హాలు చివర ఎర్రగా మరకలాంటిదేదో పడేది, అంతే. కొత్తదానితో తీసిన మొదటి ఫొటోని నిన్న సాయంత్రం తెర మీద పెద్దది చేసుకుంటూ పోయాను. స్తంభం పక్కన స్విచ్చు పెట్టె. దాని మీద ఎర్ర అట్ట. అట్ట మీద మా తమ్ముడి కోడిగీతల సంతకం, తేదీ, టైముతో సహా. “ఉన్న కెమెరాకి ఏం రోగం” అని ఏడాదిగా నన్ను దెప్పినవాళ్ళందరూ ఆ తెర చుట్టూ ఈగల్లా మూగారు.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే దారి మాత్రం లేకపోయింది. కొత్త రకం కార్డులు మా పాత రీడరులో పట్టవు. కేబులు పెడితే మా కంప్యూటరు కెమెరాని చూసి పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. తెరని ఫోనుతో ఫొటో తీస్తే సంతకం అలుక్కుపోయింది. విచారణాధికారి కూడా అసలు ఫైలే కావాలన్నారు, కెమెరా తెచ్చి చూపించమన్నారు. రెండు కార్డుల్లోనూ ఒకేసారి పడుతుంది కదా, ఒకటి చెడినా రెండోది ఉంటుందని ధీమాగా పడుకున్నాను.

“ఇలా ఇవ్వు,” అంది అక్క. కార్డులు తీసి కిటికీ దగ్గర తిప్పి చూసింది. “ఇవి మనవి కావే.”

“మనవే. అదే కంపెనీ.”

“నేను పెట్టిన చుక్కేది?”

నిజమే. కెమెరాలోకి వెళ్ళే ప్రతి కార్డుకీ మూల మీద అక్క గోళ్ళరంగుతో చుక్క పెడుతుంది. వాడనివాటికి పెట్టదు. కెమెరా సంచి జిప్పు లాగాను. కొత్త కార్డుల డబ్బా అందులోనే ఉంది. లోపల ఉండాల్సిన రెండూ లేవు.

చెరిపేయలేదన్నమాట. మార్చేశారు. చుక్కలున్న కార్డులు ఎక్కడో ఉన్నాయి.

“ఇక్కడికి ఎవరొచ్చారు?” అన్నాను.

“మేనేజరు,” అన్నాడు బావ వెంటనే. “ఆ భవనం మేనేజరే. తొమ్మిదిన్నరకి వచ్చాడు, ప్రచార పుస్తకం నమూనా చూస్తానని. ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. కెమెరా ఇక్కడే, సంచీ ఇక్కడే. నేను మేడ మీద లైట్లు తుడుస్తున్నా.”

“నేను లోపల పాప ఫొటోలో చీమిడి తుడుస్తున్నా,” అన్నాడు సోడాబుడ్డి.

“నేను ఫోన్లో ఉన్నా,” అంది అక్క నెమ్మదిగా. “గుమ్మం బయట. పది నిమిషాలు.”

అంతా అతికినట్టు సరిపోయింది. అట్ట లేదన్నవాడు మేనేజరు. ఫొటో బయటికొస్తే అబద్ధం బయటపడేది అతనిదే.

అక్క ఫోను మోగింది. తమ్ముడు సందేశం పెట్టాడు. బావ ఫోను అందుకుని, చేతిని చాచగలిగినంత దూరం చాచి, కళ్ళు చికిలించి, మళ్ళీ అక్కకి ఇచ్చేశాడు. “ఎండ పడుతోంది, నువ్వే చదువు.”

“ఎండ కాదు, మీ చెయ్యి పొట్టి,” అంది అక్క. రోజూ అనే మాటే, ఈసారి నవ్వకుండా అంది. తర్వాత చదివింది. “‘అక్కా, వచ్చేశాను. వరండాలో కూర్చున్నా. చిన్నక్కని ఫొటో తీసుకుని తొందరగా రమ్మను. మేనేజరు కూడా వచ్చాడు. నన్ను చూసి నవ్వుతున్నాడు.’”

“నవ్వడూ మరి!” బావ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. “నేను బండి మీద ముందు వెళ్తా. వాడి కాలరు పట్టుకుని జేబులు దులిపిస్తా.” అల్మరా మీది పాత కెమెరా తీసి భుజాన వేసుకున్నాడు. “దారిలో దీన్ని రిపేరుకి కూడా ఇచ్చేస్తా.”

“ఇప్పుడా?” అంది అక్క.

“దారే కదా.”

నేను అటు చూడలేదు. అలవాటుకొద్దీ కొత్త కెమెరాని కంటికి ఆనించాను. ఏదైనా పాడైతే ముందు వ్యూఫైండర్లోంచి చూడటం నాకు తెలియకుండానే జరిగిపోతుంది.

లోపలంతా మసక.

కటకం తుడిచాను. మసకే. అంకెలు కూడా పొగలో వేలాడుతున్నట్టున్నాయి. అంటే తప్పు కటకంలో లేదు. వ్యూఫైండరు పక్కన గోరుతో తిప్పే బుల్లి చక్రం ఒకటుంటుంది. ఎవరి చూపుకి తగ్గట్టు వాళ్ళు తిప్పుకుంటే కళ్ళజోడు లేకపోయినా లోపల స్పష్టంగా కనిపిస్తుంది. నా చూపుకి అది మధ్యలో ఉండాలి. పొద్దున మధ్యలోనే ఉంది.

ఇప్పుడు ఒక చివరికంటా తిరిగి ఉంది.

ఎవరో ఈ కెమెరాలోకి తొంగిచూశారు. ఊరికే చూడలేదు, చూపు సరిచేసుకుని మరీ చూశారు. మేనేజరు జన్మలో కెమెరా పట్టలేదు. సోమవారం వెనకా ముందూ తెలియక కటకం మీద వేలు పెట్టబోయిన మనిషి. అతనికి ఆ చక్రం ఒకటుందనే తెలియదు. అది తెలిసినవాళ్ళం ఈ ఊళ్ళో నలుగురమైతే, నలుగురమూ ఈ గదిలోనే ఉన్నాం.

“బావా, ఒక్క నిమిషం,” అన్నాను.

“ఏంటి? టైము లేదు.”

“సోడాబుడ్డీ, నీ అద్దాలు తీసి ఇందులోకి చూడు. కింద అంకెలున్నాయి, చదువు.”

అతను అద్దాలు నుదుటి మీదికి తోసి కన్ను ఆనించాడు. “అంకెలా? ఏవీ మేడం? మజ్జిగలో మునిగినట్టుంది.”

అతనిది దగ్గర చూపు. దూరంవి ఆనవు. చక్రం తిరిగింది అతనికి పనికొచ్చే వైపు కాదు. పూర్తిగా రెండో వైపు.

“అక్కా, నువ్వు.”

అక్క చూసింది. తల అడ్డంగా ఊపింది. కెమెరా నాకు తిరిగిస్తూ ఆ బుల్లి చక్రం వైపు ఒకసారి, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి వైపు ఒకసారి చూసింది. మా అక్కకి కెమెరాల సంగతి నాకంత తెలియకపోవచ్చు. ఆ మనిషి కళ్ళ సంగతి ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. జుట్టుకి రంగేసుకుంటాడు, కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాడినైపోతానంటాడు, పేపరు బారెడు దూరంలో పెట్టి చదువుతాడు. కొత్త కెమెరా కొన్న రోజున, తీసిన ఫొటోలు కంటి అద్దంలోకి కూడా వస్తాయని నేను చూపిస్తే, చక్రం తిప్పి చూసుకుని మురిసిపోయాడు. “మరదలా, దీన్ని నా కోసమే చేశారు!”

కెమెరాని ఆయన వైపు చాపాను.

“బావా, లోపల ఏదో ఫొటో మిగిలినట్టుంది. కింద నెంబరుంది. మా ఎవరి కంటికీ ఆనట్లేదు. నువ్వు చూడు.”

ఆయన మొహంలో రంగు మారింది. మిగిలిందా? గబగబా రెండంగల్లో వచ్చి కెమెరా లాక్కున్నాడు. కన్ను ఆనించాడు. వేలు చక్రం మీదికి వెళ్ళలేదు. వెళ్ళాల్సిన అవసరం లేకపోయింది.

“ఫొటో ఏం లేదే. కింద వెయ్యీ ఎనిమిది వందల నలభై రెండు అని ఉంది. ఇంకా ఎన్ని పడతాయో ఆ లెక్క అది. పక్కన బ్యాటరీ తొంభై మూడు శాతం...”

తనకి తానే ఆగిపోయాడు.

కళ్ళజోడు లేకుండా భార్య ఫోను చదవలేని మనిషి, ఆవగింజంత అంకెలు గుక్క తిప్పుకోకుండా చదివాడు.

“ఆ పాత కెమెరా ఇలా ఇవ్వండి,” అంది అక్క.

“దాంట్లో ఏముందే...”

“అల్మరా మీద నెలరోజుల దుమ్ముంది. దాని మీద లేదు. ఇవ్వండి.”

ఆయన ఇవ్వలేదు. అక్కే భుజం మీంచి తీసుకుంది. అడుగున బ్యాటరీ పెట్టే అరకి మూత ఉంటుంది. నెల కిందట బ్యాటరీ తీసేశాం కాబట్టి అది ఖాళీగా ఉండాలి. మూత తెరిచి అరచేతిలోకి వంచింది. రెండు కార్డులు జారిపడ్డాయి. మూలల మీద ఎర్ర చుక్కలు.

పదీ ఇరవై అయిదు.

కార్డు కెమెరాలో పెట్టాను. మొదటి ఫొటో వచ్చింది. హాలు, స్తంభం, అట్ట, సంతకం. పది గంటల పన్నెండు నిమిషాలు. ఊపిరి వదిలాను. మరి దీన్ని దాచాల్సిన అవసరం బావకి ఏమొచ్చింది? వేలు కదిపి రెండోది చూశాను, మూడోది చూశాను.

ఆ రోజు నేను ఒక పని చేశాను. కెమెరాని స్టాండు మీద నిలబెట్టి, తలుపులోంచి వచ్చే వెలుగు ఎలా మారుతుందో చూద్దామని, ప్రతి పది సెకన్లకీ తనంతట తానే ఒక ఫొటో తీసుకునేలా పెట్టి మేడ మీద మేనేజరు గదికి వెళ్ళాను. పాతదైతే టప్పుమని తీసేది, వీధి చివరికి వినపడేది. కొత్తది పిల్లిలా తీస్తుంది. బావకి చెప్పడం మర్చిపోయాను. ఆ సంగతి నిన్న సాయంత్రమే అన్నాను, అందరి ముందూ. “వంద ఫొటోలు పడి ఉంటాయి, ఇంకా చూడలేదు” అని.

పదీ పద్దెనిమిదికి తీసిన ఫొటోలో బావ చీపురు తీస్తున్నాడు. ఆ తర్వాత బకెట్టు. పదీ పందొమ్మిదికి తీసినదాంట్లో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. చెయ్యి స్విచ్చు పెట్టె దగ్గర. వేళ్ళ మధ్య ఎర్ర అట్ట.

తర్వాతి ఫొటోలో హాలు అద్దంలా ఉంది. అడ్డమన్నది లేదు.

“ఫ్రేములో ఎర్రగా పొడుస్తోంది,” అన్నాడు బావ. “నీకు ఎర్రది మూలన ఉంటే నచ్చదు కదా. తీసి లైట్ల సంచిలో వేశా. పని అయ్యాక అన్నీ ఎక్కడివక్కడ పెట్టా. చీపురు పెట్టా, బకెట్టు పెట్టా. అదొక్కటీ...” చేతులు రెండూ ముందుకు చాపాడు, అప్పుడు కూడా బారెడు దూరం. “మంగళవారం సంగతి తెలిశాక సంచిలో చూసుకున్నా. గుండె ఆగిపోయింది. చింపి కాలవలో పడేశా.”

సోడాబుడ్డి అద్దాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

“నా తమ్ముడు జైలుకెళ్తాడని తెలిసీ?” అంది అక్క.

“వెళ్ళనివ్వనే! ఏదో ఒక దారి చూద్దామనే కార్డులు పారేయలేదు.” నా వైపు తిరిగాడు. “మరదలా, మొదటి ఫొటో ఒక్కటి చూపించు. అట్ట తగిలించాడని తేలిపోతుంది. మీవాడు బయటపడతాడు. మిగతావి ఎవరడుగుతారు? ఎవరికీ నష్టం లేదు.”

నేను అక్క వైపు చూశాను. అక్క చెప్పులు వేసుకుంటోంది.

బావే కారు నడిపాడు. నా ఒళ్ళో కెమెరా, కెమెరాలో ఒక కార్డు. రెండోది అక్క గుప్పిట్లో. చెరిపే బటన్ నా బొటనవేలికి సరిగ్గా కింద ఉంది. రెండుసార్లు నొక్కితే చాలు. అన్ని కూడళ్ళలోనూ ఎర్ర దీపమే పడింది.

పదకొండుంపావుకి మూడు నిమిషాలుండగా గదిలోకి వెళ్ళాం. పొడవాటి బల్ల. అటు చివర విచారణాధికారి, నెరిసిన జుట్టు ముడేసుకున్న పెద్దావిడ. పక్కన రాసుకునే గుమాస్తా. మేనేజరు ఇస్త్రీ మడత నలగకుండా కూర్చున్నాడు. గోడవార బెంచీ మీద ఎవరో ఆడమనిషి, ఒళ్ళో ఆసుపత్రి కాగితాలు. కాలు విరిగినతని భార్య అని తమ్ముడు చెవిలో చెప్పాడు. వాడు రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. బావ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

అధికారి కెమెరా అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి ఫొటోని పెద్దది చేసి చూశారు. చాలాసేపు చూశారు. తమ్ముడి చేత కాగితం మీద సంతకం పెట్టించి పక్కన పెట్టి పోల్చారు.

“సోమవారం పది గంటల పన్నెండు నిమిషాలకి అట్ట ఉంది. రాసుకో,” అన్నారు గుమాస్తాతో. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. అదొక్కటి చాలు నాకు, అనుకున్నాను.

“మరి తీసిందెవరు?”

“ఇంకెవరు మేడం,” అన్నాడు మేనేజరు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. అసలు అట్టే లేదన్న మాట గాలికెగిరిపోయింది. “లిఫ్టెక్కినవాడే. మూటలు మెట్ల మీద మోయలేక బద్ధకించి పీకేసి ఉంటాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత. మా యాజమాన్యం బాధ్యతేమీ లేదని కూడా రాయించండి.”

గుమాస్తా కలం కదిలింది. బెంచీ మీది ఆడమనిషి లేచి నిలబడింది.

“లేదమ్మా. పదిహేనేళ్ళ నుంచీ చేస్తున్నాడక్కడ. ఎర్ర అట్ట కనిపిస్తే మా ఆయన ఆ లిఫ్టు దరిదాపులకి కూడా పోడమ్మా. మా ఆయన తీయలేదు.”

“చూసినవాళ్ళున్నారా?” అన్నారు అధికారి. కఠినంగా కాదు, మామూలుగానే. తర్వాత నా వైపు తిరిగారు. “ఇందులో ఇంకేమైనా ఫొటోలున్నాయా?”

తలుపు దగ్గర బావ నన్నే చూస్తున్నాడు. తమ్ముడు ఏమీ తెలియక నన్నూ బావనీ మార్చి మార్చి చూస్తున్నాడు. గుమాస్తా కలం కాగితం మీద ఆగి ఎదురుచూస్తోంది.

నా పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. అక్క లేచి గుప్పిట తెరిచి, ఎర్ర చుక్క ఉన్న కార్డుని బల్ల మీద, అధికారి చేతికి అందేలా పెట్టింది.

“ఉన్నాయి మేడం. పదీ పందొమ్మిదికి తీసింది చూడండి,” అంది. తర్వాత బెంచీ దగ్గర నిలబడ్డ ఆవిడ వైపు తిరిగింది. “అట్ట తీసింది మీ ఆయన కాదమ్మా.”

తలుపు వైపు చూడకుండానే వేలు అటు చూపించింది.

“మా ఆయన.”